ఇంజిన్ మిస్సింగ్: విడిభాగం కొనే ముందు సిలిండరు తేలాలి

ఇంజిన్ స్లోలో తిరుగుతుండగా పాత ట్రక్కు సైలెన్సర్ గొట్టానికి జానెడు దూరంలో అరచెయ్యి పెట్టి చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. అన్ని సిలిండర్లూ పనిచేస్తుంటే పొగ చేతికి ఒకే తీరుగా, ఒకే ఒత్తిడితో తగులుతుంది. ఒక సిలిండరు పడుకుందంటే ఆ వరసలో క్రమం తప్పకుండా ఒక ఖాళీ వస్తుంది. పుప్-పుప్-పుప్, ఖాళీ, మళ్లీ పుప్-పుప్-పుప్. చేతికి బదులు ఒక కాగితం ముక్కను గొట్టం ముందు వేలాడదీస్తే ఇంకో విషయం కూడా కనిపించవచ్చు. కాగితం బయటికి ఎగరడంతో పాటు మధ్యమధ్యలో గొట్టం వైపు లాక్కుంటుంటే, ఎగ్జాస్ట్ వాల్వు ఏదో సరిగా మూసుకోవడం లేదేమోనని అనుమానించాలి. ఇదే ఖాళీ లోపల కూర్చున్నవారికి స్టీరింగులో వణుకుగా, ఎత్తు ఎక్కేటప్పుడు కుదుపుగా తెలుస్తుంది. ‘బండి మిస్ కొడుతోంది’ అనేది దీన్నే.

మిస్ కొట్టగానే చాలామంది చేసే మొదటి పని ప్లగ్గులు మార్చడం. తగ్గకపోతే ప్లగ్గు వైర్లు, తర్వాత కాయిల్ (రవ్వకు కావాల్సిన హెచ్చు వోల్టేజీ పుట్టించేది), తర్వాత ఫ్యూయల్ ఫిల్టర్, ఆ తర్వాత దొరికిన సెన్సర్. అదృష్టం బాగుంటే వీటిలో ఏదో ఒకటి తగులుతుంది. తగలకపోతే పోయేది డబ్బు ఒక్కటే కాదు, ఆధారాలు కూడా పోతాయి. పాత ప్లగ్గుల మీద ఉన్న మసి, తడి, రంగు అన్నీ చెత్తబుట్టలో పడ్డాక లోపల ఏం జరిగిందో చెప్పే సాక్షి మిగలదు. కొత్తగా వేసిన వాటిలో ఒకటి పెట్టెలోంచే లోపంతో వచ్చి ఉంటే చిక్కు రెండింతలవుతుంది. మిస్సింగ్ అన్న మాటకు ఒక సిలిండరు తన వంతు పని చేయలేదని మాత్రమే అర్థం. ఎందుకు చేయలేదో ఆ మాట చెప్పదు. అందుకే ఏ సిలిండరు, ఏ పరిస్థితిలో అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికేదాకా ఏదీ కొనకపోవడం మంచిది. ఆ జవాబులు ఇంటి దగ్గర, మామూలు పనిముట్లతోనే దొరుకుతాయి.

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ఒక్కో సిలిండరు క్రాంక్ రెండు చుట్లు తిరిగే లోపు ఒక్కసారి మండుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ స్లోలో నిమిషానికి 750 చుట్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండరు నిమిషానికి 375 సార్లు, అంటే సెకనుకు ఆరుసార్లకు పైగా మండాలి. వాటిలో ఒకటి పూర్తిగా పడుకుంటే సెకనుకు ఆరు ఖాళీలు. సీటు కింద తెలిసే ఆ వణుకు సరిగ్గా ఇదే. వి ఆకారంలో ఎనిమిది సిలిండర్లుండే వి8లో మిగిలిన ఏడు సిలిండర్లు లోటును కొంత కప్పేస్తాయి కాబట్టి ఒక సిలిండరు పోయినా నెలల తరబడి నడుపుతూ ‘పికప్ కాస్త తగ్గింది’ అని సరిపెట్టుకునేవారు ఉంటారు. ఆ మండని పెట్రోలు మాత్రం ఎక్కడో ఒకచోటికి పోక తప్పదు. కొంత సిలిండరు గోడల మీది ఆయిల్‌ను కడిగేసి ఆయిల్ చాంబర్లోకి దిగుతుంది. పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ ఉన్న బండిలో మిగతాది అక్కడికి చేరి మండుతుంది. కన్వర్టర్ ఎర్రగా కాలి లోపలి పింగాణీ తేనెపట్టు కరిగిపోయేది ఇలాగే. డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలిగి ఉండటం వేరు, వెలిగి ఆరుతూ ఉండటం వేరు. వెలిగి ఆరుతోందంటే కన్వర్టర్ పాడయ్యే స్థాయిలో మిస్ అవుతోందని అర్థం, అప్పుడు బండి నడపడం ఆపాలి.

ఎప్పుడు మిస్ అవుతోంది

బోనెట్ ఎత్తకముందే సగం పరీక్ష పూర్తవుతుంది. స్లోలోనా, లోడు మీదనా, చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకనా, తడి వాతావరణంలోనా? ఇదేదో పైపైన అడిగే ప్రశ్న అనిపిస్తుంది కానీ, ఒక్కో జవాబు వెనక గట్టి భౌతిక కారణం ఉంది.

లోడు మీద, అంటే పై గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు మాత్రమే మిస్ అవుతుంటే ముందు ఇగ్నిషన్‌ను అనుమానించాలి. సిలిండర్లోకి గాలి ఎక్కువ చేరేకొద్దీ కుదింపు ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడిలో ఉన్న గాలిని చీల్చుకుని నిప్పురవ్వ దూకాలంటే వోల్టేజీ కూడా ఎక్కువ కావాలి. స్లోలో దాదాపు పదివేల వోల్టులు సరిపోయే ప్లగ్గుకే పూర్తి లోడులో ఇరవైవేలు అవసరం కావచ్చు. వైరు పైపొర పగిలినా, ప్లగ్గు గ్యాప్ అరిగి వెడల్పయినా, కాయిల్ బలహీనపడినా స్లోలో అంతా బాగానే ఉంటుంది. గట్టిగా తొక్కగానే రవ్వ ప్లగ్గు కొన దగ్గర దూకే బదులు దగ్గరి దారి చూసుకుని ఇంజిన్ ఇనుములోకి పోతుంది. లోడులో మిస్ అవడానికి రెండో కారణం పెట్రోలు చాలకపోవడం. దాన్ని తేడాగా గుర్తుపట్టవచ్చు. ఇగ్నిషన్ లోపం టకటకమని తెగినట్టు కుదుపుతుంది. పెట్రోలు చాలకపోతే బండి నీరసించినట్టు మెల్లగా లాగుడు తగ్గుతుంది.

దీనికి సరిగ్గా వ్యతిరేకం గాలి లీకు. కార్బురేటర్ లేదా త్రాటిల్ దాటాక ఎక్కడో పగిలిన గొట్టంలోంచి లెక్కలోకి రాని గాలి దూరుతుంది. దీన్ని దొంగగాలి అనుకోవచ్చు. స్లోలో ఇంజిన్ పీల్చే గాలే తక్కువ కాబట్టి అందులో ఈ దొంగగాలి వాటా పెద్దది. మిశ్రమం పలచబడి సిలిండరు మండదు. యాక్సిలరేటర్ తొక్కితే లోపలి వాక్యూమ్ పడిపోతుంది, అసలు గాలి ఎన్నో రెట్లు పెరుగుతుంది, దొంగగాలి లెక్కలోకి రాకుండా పోతుంది. ‘స్లోలో ఊగిపోతుంది, రేస్ ఇస్తే సర్దుకుంటుంది’ అన్న ఫిర్యాదు చాలాసార్లు ఇక్కడికే దారి తీస్తుంది. అయితే కాలిన వాల్వు కూడా ఇదే వేషం వేస్తుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు కుదింపు కారిపోవడానికి టైము దొరుకుతుంది, వేగంగా తిరిగితే దొరకదు. ఈ రెండింటినీ విడదీయడానికి కుదింపును కొలిచే కంప్రెషన్ గేజీ కావాలి, దాని సంగతి తర్వాత.

వేడెక్కాక పావుగంటకో అరగంటకో మొదలయ్యే మిస్సింగ్ కాయిల్, ఇగ్నిషన్ మాడ్యూల్ (కాయిల్ కరెంటును తెరిచి మూసే ఎలక్ట్రానిక్ పెట్టె), డిస్ట్రిబ్యూటర్ (రవ్వను వంతులవారీగా సిలిండర్లకు పంచేది) లోపలి పికప్ కాయిల్ మీదికి అనుమానం మళ్లిస్తుంది. సన్నని తీగలో వెంట్రుకంత తెగుడు చల్లగా ఉన్నప్పుడు అతుక్కుని ఉండి, వేడికి వ్యాకోచించి విడిపోతుంది. డిస్ట్రిబ్యూటర్ లోపల బిగించే మాడ్యూళ్ల కింద వేడిని లాగేసే ప్రత్యేకమైన గ్రీజు ఉండాలి. అది ఎండిపోయినా, ఎప్పుడో మార్చినప్పుడు పూయడం మరిచిపోయినా మాడ్యూల్ ఉడికిపోతుంది. చల్లని ఇంజిన్‌ను స్టార్ట్ చేసిన మొదటి నిమిషమే మిస్ అయి తర్వాత కుదుటపడితే, కూలెంట్ నీళ్ల మట్టం రోజూ కొద్దికొద్దిగా తగ్గుతోందేమో చూడాలి. రాత్రంతా హెడ్ గ్యాస్కెట్ (హెడ్డుకూ ఇంజిన్ బ్లాకుకూ మధ్య ఉండే పొర) సందులోంచి ఒక సిలిండర్లోకి కారిన నీళ్లు ప్లగ్గును తడిపి, అది ఆరేదాకా ఆ సిలిండరును ఆపుతాయి. తడి వాతావరణంలో మాత్రమే వచ్చే మిస్సింగ్ గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు, డిస్ట్రిబ్యూటర్ క్యాపు, ప్లగ్గు వైర్లు చూస్తే చాలు.

ఏ సిలిండరు

పని మొదలుపెట్టే ముందు కొన్ని జాగ్రత్తలు. బండి ఆరుబయట ఉండాలి. మూసిన షెడ్డులో ఇంజిన్ నడిపితే కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది. చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, గేరు న్యూట్రల్లోనో పార్కులోనో ఉంచాలి. చేతి గొలుసు, వదులు చొక్కా, వేలాడే తువ్వాలు ఫ్యాను దగ్గరికి రాకూడదు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ షాకు పాత పాయింట్ల (కాయిల్ కరెంటును తెరిచి మూసే చిన్న స్విచ్చు) ఇగ్నిషన్ షాకులాంటిది కాదు, అంతకన్నా బలమైనది, గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు నడుస్తున్న ఇంజిన్ మీద ఈ పరీక్షలు చేయనే కూడదు.

పద్ధతి తేలిక. ఒక్కో సిలిండరును కావాలని ఆపి, ఇంజిన్ శబ్దం ఎంత మారిందో వినడమే. బాగున్న సిలిండరును ఆపితే వేగం చటుక్కున పడిపోతుంది, వణుకు పెరుగుతుంది. పడుకున్న సిలిండరును ఆపితే ఏ మార్పూ ఉండదు, అది అప్పటికే ఆగి ఉంది కనుక. ఇంజెక్షన్ బండిలో చేతికి అందేలా ఉంటే ఇంజెక్టర్ ప్లగ్ తీసి చేయడం అన్నింటికన్నా మంచిది. పెట్రోలు కూడా ఆగిపోతుంది కాబట్టి కన్వర్టర్‌కు హాని ఉండదు. కార్బురేటర్ బండిలో ప్లగ్గు వైరు తీయాలి. ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు, నడుస్తున్న ఇంజిన్ మీద వైరు లాగేసి గాల్లో వదిలేయడం. దూకడానికి చోటు లేని వోల్టేజీ కాయిల్ లోపలి ఇన్సులేషన్‌నో, మాడ్యూల్‌నో, లాగిన మనిషి చేతినో వెతుక్కుంటుంది. ఇంజిన్ ఆపి, వైరు ఊడదీసి, దాని కొనకు స్పార్క్ టెస్టర్ (రవ్వ దూకుతోందో లేదో చూపే పరికరం) తగిలించి, టెస్టర్ క్లిప్పును ఇంజిన్ ఇనుముకు ఎర్త్ చేసి, అప్పుడు స్టార్ట్ చేసి వినాలి. ఆరు సిలిండర్లకు ఆరుసార్లు ఆపి స్టార్ట్ చేయాల్సి వస్తుంది, కాస్త విసుగు పుట్టించే పనే. కానీ ఈ పావుగంట మిగతా రోజంతటినీ కాపాడుతుంది.

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వేడి కూడా సాక్ష్యం చెబుతుంది. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లో ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో ఒక్కో సిలిండరు నుంచి వచ్చే పాయను కొలిస్తే, పడుకున్నదాని పాయ మిగతావాటికన్నా బాగా చల్లగా ఉంటుంది. ఆలస్యం చేస్తే పక్కవాటి వేడి దానికీ పాకి తేడా చెరిగిపోతుంది.

అమెరికాలో 1996 నుంచి కార్లకు, తేలికపాటి ట్రక్కులకు ఓబీడీ-2 (బండి కంప్యూటరు లోపాలను కోడ్‌లుగా చెప్పే ఏర్పాటు) తప్పనిసరి అయింది. ఆ తర్వాతి బండ్లలో స్కానరు పెడితే పని మరింత తేలిక. పి0300 అంటే ఒకటికన్నా ఎక్కువ సిలిండర్లలో, ఒక పద్ధతి లేకుండా మిస్ అవుతోందని. పి0301 మొదటి సిలిండరు, పి0304 నాలుగోది, ఇలా చివరి అంకెలే సిలిండరు సంఖ్య. కంప్యూటరు రవ్వను చూసి ఇది చెప్పదు. క్రాంక్ తిరిగే వేగాన్ని సెన్సర్‌తో కొలుస్తూ, ఏ సిలిండరు మండాల్సిన క్షణంలో వేగం పెరగలేదో లెక్కగడుతుంది. కాబట్టి కోడ్ చెప్పేది సిలిండరు నంబరే. ‘పి0304 వచ్చింది, కాయిల్ వేసేయండి’ అనడం ఊహ. ఇంకో చిక్కు, నంబర్లు కంపెనీని బట్టి మారతాయి. జీఎం వి8ల్లో చాలావాటిలో, ఎడమ స్టీరింగ్ బండిలో డ్రైవరు వైపు 1, 3, 5, 7 ఉంటే, ఫోర్డ్ వి8ల్లో డ్రైవరుకు అవతలి వైపు 1 నుంచి 4 వరకు వరసగా ఉంటాయి. నాలుగో సిలిండరు అనుకుని వేరేదాన్ని విప్పి, అంతా బాగానే ఉందని తల పట్టుకోవడం కొత్తవారికి తరచూ జరుగుతుంది.

ఒకే సిలిండరు పడుకుందా, అన్నీ వంతులవారీగా తడబడుతున్నాయా అన్నది తేలితే వెతుకులాట సగానికి సగం తగ్గుతుంది. ఒక్కటే అయితే కారణం ఆ సిలిండరుకు మాత్రమే చెందిన వస్తువుల్లో ఉండాలి: దాని ప్లగ్గు, దాని వైరు, క్యాపులో దాని కొన, దాని ఇంజెక్టర్, దాని వాల్వులు, పిస్టన్ రింగులు. అన్నీ తడబడుతుంటే అన్నింటికీ ఉమ్మడిగా ఉన్నవాటి మీద పడాలి. కాయిల్, రోటర్ (డిస్ట్రిబ్యూటర్‌లో తిరుగుతూ రవ్వను ఒక్కో కొనకు అందించేది), పాయింట్లు, మాడ్యూల్, పెట్రోలు ఒత్తిడి, మానిఫోల్డ్‌లోకి దొంగగాలి.

ప్లగ్గు చెప్పే సాక్ష్యం

సిలిండరు తేలాక దాని ప్లగ్గు ఒక్కటే కాక, అన్నీ విప్పాలి. తప్పు చేసినదాన్ని బాగున్నవాటి పక్కన పెడితేనే తేడా తెలుస్తుంది. ఇంజిన్ చల్లారాకే విప్పాలి, అల్యూమినియం హెడ్డు అయితే మరీ ముఖ్యం. వేడిలో విప్పితే మరలు ప్లగ్గుతో పాటే ఊడి వస్తాయి. ముందుగా ప్లగ్గు గుంతలోని దుమ్మును గాలితో ఊదేయాలి, లేకపోతే ఆ ఇసుకంతా సిలిండర్లోకి రాలుతుంది. వైరు లాగేటప్పుడు తీగ పట్టుకుని కాకుండా రబ్బరు టోపీ పట్టుకుని, అర చుట్టు అటూ ఇటూ తిప్పి వదులు చేసి లాగాలి. తీసిన ప్లగ్గులను ఒక అట్టముక్క మీద సిలిండరు నంబర్లు రాసి అదే వరసలో పేర్చాలి.

ఇప్పుడు మంచి వెలుగులో ఒక్కోదాన్ని తిప్పి చూడాలి. కొన చుట్టూ లేత గోధుమరంగు లేదా బూడిదరంగు పొర ఉంటే ఆ సిలిండరు బాగా మండుతోంది. వేలికి అంటుకునే పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది లేదా రవ్వ బలహీనంగా ఉంది. తడిగా, పెట్రోలు వాసన వస్తుంటే పెట్రోలు వస్తోంది కానీ మండటం లేదు, రవ్వ లేదో కుదింపు లేదో తేలాలి. నల్లగా, జిడ్డుగా, మెరుస్తుంటే ఆయిల్ ఎక్కుతోంది. రింగులో, వాల్వు సీళ్లో అరిగాయి. తెల్లగా, చిన్న బొబ్బలతో కాలినట్టుంటే మిశ్రమం పలచగా ఉంది లేదా ఆ ప్లగ్గు ఆ ఇంజిన్‌కు తగినది కాదు. మిగతావన్నీ రంగు పట్టి ఉండగా ఒక్కటి మాత్రం ఆవిరితో కడిగినట్టు తళతళలాడుతుంటే సంతోషించకూడదు, ఆ సిలిండర్లోకి కూలెంట్ కారుతోంది.

తర్వాత తెల్లని పింగాణీని చూడాలి. గోరు తగిలితే తెలిసీ తెలియనట్టుండే పగులు, లేదా పెన్సిలుతో నిలువుగా గీసినట్టు సన్నని నల్లగీత కనిపిస్తే రవ్వ కొన దాకా వెళ్లకుండా బయటి నుంచే జారిపోతోందని రుజువు దొరికినట్టే. అదే గీతకు జోడీ వైరు రబ్బరు టోపీ లోపల కూడా ఉంటుంది. అందుకే ప్లగ్గు ఒక్కటే మార్చి పాత టోపీ తొడిగితే కొద్ది రోజుల్లో కొత్త ప్లగ్గు మీద కూడా ఆ గీత పడుతుంది. రెండూ కలిపి మార్చాలి.

గ్యాప్ ఫీలర్ గేజీతో కొలవాలి. పాయింట్ల ఇగ్నిషన్‌లో సాధారణంగా 0.6 నుంచి 0.9 మి.మీ., ఎలక్ట్రానిక్‌లో 0.9 నుంచి 1.1 మి.మీ., కొన్నింట్లో అంతకన్నా ఎక్కువ ఉంటుంది. బోనెట్ కింది స్టిక్కరు లేదా ఆ బండి మాన్యువల్ ఏం చెబితే అదే లెక్క.

ప్లగ్గును ఇంజిన్ మీద పడుకోబెట్టి సెల్ఫ్ కొట్టి ‘రవ్వ వస్తోంది, ఇగ్నిషన్ బాగుంది’ అనే తీర్మానం నమ్మదగ్గది కాదు. బయటి గాలిలో ఒక మిల్లీమీటరు దూకడం ఎంత బలహీనమైన రవ్వకైనా చేతనవుతుంది. సిలిండరు లోపల ఒత్తిడిలో అది దూకుతుందా లేదా అన్నదే ప్రశ్న. గ్యాప్ పెంచుకోగల స్పార్క్ టెస్టర్‌తో ఆరేడు మిల్లీమీటర్లయినా నీలంగా, చిటపటమని దూకుతుంటే అప్పుడు నమ్మవచ్చు. సన్నగా, పసుపుగా, ఆగి ఆగి వస్తే వెనక్కి, కాయిల్ వైపు వెళ్లాలి.

చోటు మార్చి చూడటం

ఏమీ కొనకుండా చేయగల పరీక్షల్లో దీన్ని మించింది లేదు. మూడో సిలిండరు పడుకుందనుకుందాం. దాని ప్లగ్గును ఐదో దాంట్లో, ఐదోదాన్ని మూడో దాంట్లో బిగించి స్టార్ట్ చేయాలి. మిస్సింగ్ ఐదోదానికి మారితే దోషి ఆ ప్లగ్గే. మూడో దాంట్లోనే ఉండిపోతే ప్లగ్గు నిర్దోషి. తర్వాత వైరు, పొడవు సరిపోయేది చూసి. ఒక్కో సిలిండరుకు ఒక్కో కాయిల్ ఉన్న బండ్లలో కాయిల్, తర్వాత ఇంజెక్టర్. ఒక్కసారి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే మిస్సింగ్ పోయినా ఎందుకు పోయిందో తెలియదు. వస్తువులన్నీ మార్చినా మిస్సింగ్ ఆ సిలిండరును వదలకపోతే లోపం లోపల ఉంది, అంటే కుదింపులో.

డిస్ట్రిబ్యూటర్ ఉన్న బండ్లలో ఇంకొంచెం వెతకాలి. చీకటి పడ్డాక ఇంజిన్ స్లోలో ఉండగా వైర్ల మీద, క్యాపు మీద స్ప్రే సీసాతో నీటి తుంపర కొట్టి, దూరంగా నిలబడి చూస్తే కారుతున్న కరెంటు నీలిరంగు దారాల్లా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. తుంపర పడగానే మిస్ పెరిగితే అదీ సాక్ష్యమే. క్యాపు విప్పి లోపల ఒక కొన నుంచి ఇంకో కొనకు పాకిన నల్లని సన్నగీతల కోసం, వెంట్రుక పగుళ్ల కోసం చూడాలి. మధ్యలోని కార్బన్ బొడిపె అరిగిపోయిందో లేదో, రోటర్ కొన కాలి తగ్గిపోయిందో లేదో కూడా. రోటరు అడుగున ఒక చుక్కలా రంధ్రం కాలి ఉంటే రవ్వ దాని గుండా కిందనున్న షాఫ్టులోకి దూకుతోందన్నమాట. ఇది తిప్పి చూస్తేనే కనిపిస్తుంది, అందుకే చాలామంది కంటపడదు.

పాయింట్లున్న పాత బండ్లలో పాయింట్ల గ్యాప్ ఎక్కువగా 0.35 నుంచి 0.5 మి.మీ. మధ్య ఉంటుంది. పాయింట్ల ముఖాలు గుంటలు పడి, ఒకవైపు తిప్ప కట్టి ఉంటే కండెన్సర్ కూడా మార్చాలి. డిస్ట్రిబ్యూటర్ షాఫ్టును వేళ్లతో పక్కలకు కదిపి చూడాలి. బుష్షు అరిగి ఊగుతుంటే ప్రతి చుట్టులో గ్యాప్ మారుతుంది, అన్ని సిలిండర్లూ వంతులవారీగా తడబడతాయి, ఎన్ని పాయింట్లు మార్చినా కుదరదు.

వైర్లను మల్టీమీటరుతో కొలిచేటప్పుడు అన్నింటి అంకెలూ పొడవుకు తగ్గట్టు దగ్గరగా ఉన్నాయా అని చూడాలి. మామూలు కార్బన్ వైరులో అడుగుకు కొన్ని వేల ఓములు రావడం సహజం. ఒక్కటి మాత్రం మిగతావాటికి ఎన్నో రెట్లుంటే, లేదా వంచినప్పుడు అంకె ఎగిరిపోతుంటే లోపల తెగింది. మార్చేటప్పుడు ఒక్కొక్కటిగా మార్చాలి. అన్నీ ఒకేసారి పీకేసి తర్వాత గుర్తుకు తెచ్చుకుంటూ పెట్టడం వల్ల లేని మిస్సింగ్ కొత్తగా పుడుతుంది. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరస, ఇంజిన్‌ను బట్టి వేరు. వరస ఆరు సిలిండర్లకు సాధారణంగా 1-5-3-6-2-4, షెవ్రొలే స్మాల్ బ్లాక్ వి8కి 1-8-4-3-6-5-7-2. ఫోర్డ్ 302లో చాలా ఏళ్లపాటు 1-5-4-2-6-3-7-8 ఉంటే, చూడటానికి దానిలాగే ఉండే 351 విండ్సర్‌ది 1-3-7-2-6-5-4-8. షెవ్రొలే ఇంజిన్‌లో 5, 7 పక్కపక్కన ఉంటాయి, వెంటవెంటనే మండుతాయి కూడా. ఆ రెండు వైర్లను అంటించి, సమాంతరంగా లాగితే ఒకదాని కరెంటు రెండోదాంట్లో పుట్టి 7వ సిలిండరు వేళ కాని వేళ మండుతుంది. వైర్లను విడివిడిగా పట్టి ఉంచే ఆ ప్లాస్టిక్ దువ్వెనలు అందం కోసం పెట్టినవి కావు. విరిగితే కొత్తవి పెట్టాలి.

గాలి, పెట్రోలు

దొంగగాలిని పట్టడానికి వాక్యూమ్ గేజీ మంచి సాధనం. వేడెక్కిన ఆరోగ్యమైన ఇంజిన్ సముద్రమట్టం దగ్గర స్లోలో 17 నుంచి 22 అంగుళాల పాదరసం చూపిస్తుంది, ముల్లు కదలకుండా ఉంటుంది. ముల్లు స్థిరంగానే ఉండి అంకె బాగా తక్కువుంటే గాలి లీకో, టైమింగ్ ఆలస్యమో. క్రమం తప్పకుండా ఒక్కసారిగా కిందికి కొట్టుకుంటుంటే ఒక వాల్వు మూసుకోవడం లేదు. ఎత్తైన ప్రాంతాల్లో ప్రతి వెయ్యి అడుగులకు సుమారు ఒక అంగుళం తగ్గించి చదవాలి.

లీకు చోటు పట్టడానికి చాలామంది మానిఫోల్డ్ అతుకుల మీద కార్బురేటర్ క్లీనర్ కొడతారు. అది మండే ద్రవం. వైర్ల నుంచి కరెంటు కారుతోందేమోనన్న అనుమానం ఉన్న ఇంజిన్ మీద దాన్ని కొట్టడం నిప్పుతో చెలగాటమే. నీటి తుంపర అదే పని చేస్తుంది. సందు ఉన్నచోట నీళ్లు పడగానే అది క్షణం పాటు మూసుకుని ఇంజిన్ శబ్దం మారుతుంది. బ్రేకు బూస్టర్ గొట్టం, పీసీవీ గొట్టం (ఇంజిన్ అడుగు ఆవిరిని మానిఫోల్డ్‌కు పంపేది), కార్బురేటర్ అడుగు గ్యాస్కెట్, మానిఫోల్డ్ గ్యాస్కెట్ చివర్లు ముందుగా చూడాలి. పాత రబ్బరు గొట్టాలు పైకి బాగున్నట్టే ఉండి, వంపు లోపలివైపు చీలి ఉంటాయి. ఈజీఆర్ వాల్వు (కొంత పొగను మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది) మసి పట్టి తెరుచుకుని ఉండిపోయినా స్లోలో ఇదే తడబాటు వస్తుంది.

పెట్రోలు వల్ల ఒకే సిలిండరు పడుకుంటే అది ఇంజెక్టర్ సంగతే. పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజెక్టర్ మీద, పిడిని చెవి దగ్గర పెడితే టిక్-టిక్ వినిపించాలి. వినిపించకపోతే దాని ఓములు కొలవాలి. పాత మల్టీపోర్ట్ బండ్లలో ఎక్కువగా 12 నుంచి 16 మధ్య ఉంటాయి. ఓములు బాగుండి టిక్ లేకపోతే వైరింగు చూడాలి. నెలల తరబడి నిలబెట్టిన బండి అయితే వీటన్నిటికన్నా ముందు ట్యాంకులోని పాత పెట్రోలును, ఫిల్టర్‌ను అనుమానించడం న్యాయం.

కుదింపు

కంప్రెషన్ పరీక్షను చాలామంది చివరికి వాయిదా వేస్తారు. లోపల పాడైందని తెలియడం ఎవరికీ ఇష్టం ఉండదు కాబట్టి. నిజానికి ఒకే సిలిండరు క్రమం తప్పకుండా మిస్ అవుతూ, ప్లగ్గు చోటు మార్చినా కదలకపోతే తర్వాతి పని ఇదే కావాలి. ఇంజిన్ కాస్త వేడిగా ఉండాలి, అన్ని ప్లగ్గులూ విప్పాలి, ఇగ్నిషన్, ఫ్యూయల్ పంపు కనెక్షన్లు తీసేయాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచాలి. ఒక్కో సిలిండరుకు నాలుగైదు కుదింపులు వచ్చేదాకా సెల్ఫ్ కొట్టి అంకె రాసుకోవాలి. అంకె ఎంత అన్నదానికన్నా మిగతావాటితో ఎంత తేడా అన్నది ముఖ్యం. అన్నింటికన్నా ఎక్కువ వచ్చినదానిలో కనీసం 75 శాతం ప్రతిదానికీ రావాలన్నది వాడుకలో ఉన్న కొలత.

తక్కువ వచ్చిన సిలిండర్లో ఒక చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. బాగా పెరిగితే ఆయిల్ రింగుల సందు మూసిందన్నమాట, అరిగింది రింగులే. పెరగకపోతే వాల్వో, హెడ్ గ్యాస్కెట్టో. పక్కపక్క సిలిండర్లు రెండూ ఒకేలా పడిపోతే వాటి మధ్య గ్యాస్కెట్ పోయిందని దాదాపు ఖాయం. ట్యాపెట్లు చేత్తో సర్దే పాత ఇంజిన్లలో మాత్రం హెడ్డు దించే ముందు ట్యాపెట్ క్లియరెన్స్ (వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఖాళీ) చూడాలి. వాల్వు సీటు అరిగి క్లియరెన్స్ మూసుకుపోతే వాల్వు పూర్తిగా కూర్చోదు. కాలకముందే గమనిస్తే ఒక స్పానరు, ఒక ఫీలర్ గేజీతో తేలిపోయే పని ఇది.

గేజీని కూడా మోసం చేసే లోపం ఒకటుంది. వాల్వులను తెరిచే క్యామ్ మీది ఉబ్బు అరిగిపోతే వాల్వు మూసుకోవడం బాగానే మూసుకుంటుంది, తెరుచుకోవడమే చాలదు. ఎగ్జాస్ట్ వైపు అరిగితే కంప్రెషన్ అంకె దాదాపు మామూలుగానే వస్తుంది, నడిచేటప్పుడు మాత్రం ఆ సిలిండరు పొగ వదలలేక ఉక్కిరిబిక్కిరై మిస్ అవుతుంది, కార్బురేటర్లోంచి టపామని ఎదురు పేలుతుంది. రాకర్ కవరు విప్పి, ఇంజిన్‌ను నెమ్మదిగా తిప్పుతూ అన్ని రాకర్లూ ఒకే ఎత్తు లేస్తున్నాయా అని చూస్తే ఇది బయటపడుతుంది. రవ్వ, పెట్రోలు, కుదింపు మూడూ బాగున్నాయని తేలాక కూడా ఒకే సిలిండరు మొండికేస్తుంటే ఈ కవరు విప్పక తప్పదు.

డీజిల్ ట్రక్కులో ప్లగ్గు, కాయిల్ గొడవ లేదు. పాత తరం మెకానికల్ పంపు ఇంజిన్లలో ఇంజెక్టర్ పైపు నట్టును ఒక్కొక్కటిగా అరచుట్టు వదులు చేసి శబ్దం మారిందో లేదో వినే పద్ధతి ఉంది. కంటికి అద్దాలు, చేతికి తొడుగులు తప్పనిసరి. కామన్ రెయిల్ ఇంజిన్ (ఇంజెక్టర్లన్నింటికీ ఒకే ఉమ్మడి గొట్టం నుంచి హెచ్చు ఒత్తిడితో డీజిల్ అందేది) మీద ఈ పని ఎన్నడూ చేయకూడదు. అక్కడి ఒత్తిడి వెయ్యి బార్లు దాటవచ్చు, ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

మరమ్మతు అయ్యాక మిస్సింగ్ మొదట ఏ పరిస్థితిలో వచ్చిందో అదే పరిస్థితిలో బండిని నడిపి చూడాలి. చల్లగా ఉన్నప్పుడు వచ్చినదాన్ని రాత్రంతా వదిలేసి పొద్దున, లోడులో వచ్చినదాన్ని బరువుతో ఎత్తు మీద. షెడ్డులో స్లోలో నిలకడగా తిరగడం సరిపోదు. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఆ సిలిండరు ప్లగ్గును, దాని పక్కదాన్ని మళ్లీ విప్పి అట్టముక్క మీద పక్కపక్కన పెట్టాలి. రెండింటి కొనలూ ఒకే లేత గోధుమరంగులో ఉంటే పాత వైర్లను పారేయవచ్చు.